బెంగళూరు నుంచి శాన్ ఫ్రాన్సిస్కో దాకా: ఆకాశమార్గంలో దూరమూ, కాలమూ

రెండు ఊళ్ల మధ్య దూరం ఎంత అని అడిగితే పూర్వం పెద్దలు కోసుల్లోనో, ఆమడల్లోనో చెప్పేవారు. అక్కడికి చేరడానికి ఎంతకాలం పడుతుందని అడిగితే మాత్రం ఒకే జవాబు వచ్చేది కాదు. నడిచి పోయేవాడికి ఒక లెక్క, బండి కట్టుకొని పోయేవాడికి ఒక లెక్క, వానాకాలంలో ఏరు దాటవలసి వస్తే మరొక లెక్క. దూరం భూమి నిర్ణయించిన కొలత. కాలం ప్రయాణ సాధనం మీద, ఎంచుకున్న దారి మీద, ఆ దారిని కాచేవారి అనుమతి మీద ఆధారపడి ఉంటుంది. విమానయుగంలోనూ ఈ భేదం చెరిగిపోలేదు. బెంగళూరుకూ, అమెరికా పశ్చిమ తీరంలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరానికీ మధ్య ఏర్పడిన గగనమార్గ చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనం.

ఈ రెండు నగరాలను జతగా చెప్పుకోవడానికి కారణం ఉంది. కొడుకో, కూతురో, మనుమరాలో శాన్ ఫ్రాన్సిస్కో పరిసరాల్లోని సిలికాన్ లోయలో ఉద్యోగం చేస్తున్న తెలుగు కుటుంబాలు బెంగళూరులో ఎన్నో ఉన్నాయి. వారికి ఈ దూరం భూగోళ పాఠంలోని అంకె మాత్రమే కాదు. పండుగకు రాగలరా, ఆపదకు అందగలరా అనే ప్రశ్న.

రైలు, ఓడ, తొలి విమానం

బెంగళూరుకు రైలు 1864లో వచ్చింది. జోలార్‌పేట నుంచి కంటోన్మెంటు వరకు వేసిన ఆ మార్గం ఈ నగరాన్ని మద్రాసుతో కలిపింది. సముద్రం దాటదలచినవారు మద్రాసులోనో, బొంబాయిలోనో ఓడ ఎక్కవలసిందే. 1869లో సూయజ్ కాలువ ప్రారంభమయ్యాక ఐరోపా ప్రయాణం ఆఫ్రికా ఖండాన్ని చుట్టే శ్రమ నుంచి తప్పించుకొని వారాల లెక్కకు వచ్చింది. అమెరికా వెళ్లేవారికి మాత్రం ఐరోపా చేరడం సగం దారి చేరడమే అయ్యేది.

భారతదేశంలో విమాన తపాలాకు తెలుగు, కన్నడ సీమలతో తొలినాటినుంచే సంబంధం ఉండటం గమనించదగిన విషయం. లండన్ నుంచి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానం తెచ్చిన తపాలా సంచులను 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి ఒక చిన్న పస్ మాత్ విమానంలో తెచ్చారు. అక్కడినుంచి నెవిల్ విన్సెంట్ వాటిని బళ్లారి మీదుగా మద్రాసుకు చేర్చారు. బళ్లారి ఆనాడు మద్రాసు రాజధానిలోని దత్తమండల జిల్లాలలో ఒకటి. ఆ విమాన తపాలా మార్గంలో ఒక మజిలీగా నిలిచిన గౌరవం ఆ ఊరికి దక్కింది. ఆనాటి విమానాలు ఏకధాటిగా ఎక్కువ దూరం ఎగరలేవు. ఊరూరా దిగి ఇంధనం నింపుకొనేవి. అప్పట్లో ఆకాశయానం కూడా మజిలీల ప్రయాణమే.

స్వాతంత్ర్యానంతరం ఆ మజిలీలు తగ్గుతూ వచ్చాయి. 1948 జూన్ 8న ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ సంస్థకు చెందిన "మలబార్ ప్రిన్సెస్" అనే కాన్‌స్టలేషన్ విమానం బొంబాయి నుంచి కైరో, జెనీవా మీదుగా లండన్‌కు బయలుదేరింది. 1960 మే నెలలో బోయింగ్ 707 జెట్ విమానాలతో న్యూయార్కుకు సర్వీసు మొదలైంది. దీనితో అమెరికా ప్రయాణం వారాల నుంచి ఒకటి రెండు రోజులకు దిగివచ్చింది. అయితే ఈ సౌకర్యమంతా బొంబాయి వంటి మహానగరాలకే పరిమితం.

విమానాలు తయారుచేసిన ఊరు

విమాన నిర్మాణంలో దేశానికే ముందు నిలిచిన బెంగళూరు, విమాన ప్రయాణంలో చాలాకాలం వెనుకబడి ఉండటం ఒక విచిత్రం. 1940 డిసెంబరులో మైసూరు సంస్థాన ప్రభుత్వ సహకారంతో వాల్‌చంద్ హీరాచంద్ ఇక్కడ హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీని నెలకొల్పారు. అప్పటి దివాను సర్ మీర్జా ఇస్మాయిల్. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఇక్కడ అమెరికన్ సైనిక విమానాలకు మరమ్మతులు జరిగాయి. 1942లో భారతీయ విజ్ఞాన సంస్థలో విమానశాస్త్ర విభాగం ఏర్పడింది. 1964లో ఆ కంపెనీ హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌గా రూపొందింది. కంపెనీ ఆవరణను ఆనుకొని ఉన్న రన్‌వేయే దశాబ్దాలపాటు నగరానికి విమానాశ్రయంగా ఉపయోగపడింది.

1990 దశకం వరకు విదేశాలకు వెళ్లే బెంగళూరు వాసులు ఎక్కువగా మద్రాసుకో, బొంబాయికో చేరి అక్కడ అంతర్జాతీయ విమానం ఎక్కేవారు. కంప్యూటర్ పరిశ్రమ విస్తరించిన కొద్దీ ఈ పరిస్థితి మారక తప్పలేదు. 2001లో లుఫ్తాన్సా సంస్థ ఫ్రాంక్‌ఫర్టుకు సర్వీసు ప్రారంభించడంతో ఐరోపా నేరుగా అందుబాటులోకి వచ్చింది. 2008 మే 24న దేవనహళ్లి వద్ద కొత్త విమానాశ్రయం తెరుచుకుంది. 2013లో దానికి నగర నిర్మాత కెంపేగౌడ పేరు పెట్టారు. ఆయన తెలుగులో "గంగాగౌరీ విలాసం" అనే యక్షగానం రచించినట్లు ప్రసిద్ధి ఉన్నందున ఆ పేరు తెలుగువారికీ ఆత్మీయమైనదే.

గ్లోబు మీద దారం

బెంగళూరు నుంచి శాన్ ఫ్రాన్సిస్కో ఎటువైపు ఉన్నది? తరగతి గోడకు వేలాడే ప్రపంచపటం చూసి చెప్పమంటే పిల్లలు సాధారణంగా పడమర వైపు చేయి చూపుతారు. పటంలో అమెరికా ఎడమ అంచున ఉంటుంది కనుక అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ మహాసముద్రం దాటి పోవాలని వారు భావించడం సహజం. మరికొందరు జపాను మీదుగా తూర్పునకు పోవాలంటారు. గుండ్రని భూమిని చదునైన కాగితం మీద పరచడం వల్ల కలిగే భ్రమ ఇది.

గ్లోబు తీసుకొని, రెండు నగరాల మధ్య ఒక దారం బిగించి పట్టుకుంటే సత్యం బోధపడుతుంది. ఆ దారం పడమరకూ పోదు, తూర్పునకూ పోదు. దాదాపు ఉత్తరానికి పోతుంది. భూగోళంపై రెండు బిందువుల మధ్య అతి దగ్గర దారి మహావృత్తంలో భాగంగా ఉంటుంది. బెంగళూరు విమానాశ్రయం సుమారు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. శాన్ ఫ్రాన్సిస్కో 38 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి చేరువలో, 122 డిగ్రీల పశ్చిమ రేఖాంశం వద్ద ఉన్నది. అంటే రేఖాంశాల్లో ఇటునుంచి 200 డిగ్రీల తేడా, అటునుంచి 160 డిగ్రీల తేడా. రెండూ భూమికి దాదాపు చెరొక పక్క ఉన్నాయన్నమాట.

లెక్కకట్టి చూస్తే ఆ దారం బెంగళూరు నుంచి ఈశాన్యానికి కొద్దిగా ఒరిగి రాయలసీమలోకి ప్రవేశిస్తుంది. కదిరి, నంద్యాల, వరంగల్లు పరిసరాల మీదుగా సాగి, గంగా మైదానం, నేపాల్ దాటి టిబెట్ చేరుతుంది. తరువాత మంగోలియా, సైబీరియా, ఆర్కిటిక్ తీరం, అలాస్కా దాటి అమెరికా పశ్చిమ తీరానికి దిగుతుంది. దాని పొడవు సుమారు 13,993 కిలోమీటర్లు. బెంగళూరు నుంచి కాలిఫోర్నియాకు అతి దగ్గర దారి తెలుగుసీమ మీదుగానే పోతుందని తెలిస్తే విద్యార్థులకు భూగోళ పాఠం మరింత ఇష్టమవుతుంది.

అయితే ఈ దారిలో విమానాలు పోవడం కష్టం. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తు 4,500 మీటర్ల పైమాటే. విమానంలో గాలి ఒత్తిడి హఠాత్తుగా తగ్గితే పైలట్ వెంటనే సుమారు 3,000 మీటర్ల ఎత్తుకు దిగాలి. అంత కిందికి దిగడానికి ఆ పీఠభూమి మీద చోటే లేదు. అందుచేత దారిని పక్కకు జరపవలసి వస్తుంది. ఉత్తర ధ్రువం మీదుగా పోయే దారి అలాంటి ప్రత్యామ్నాయాలలో ఒకటి. దాని పొడవును హైస్కూలు విద్యార్థి కూడా లెక్కించగలడు. బెంగళూరు విమానాశ్రయం నుంచి ధ్రువానికి 76.8 డిగ్రీలు, ధ్రువం నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు 52.4 డిగ్రీలు, మొత్తం 129.2 డిగ్రీలు. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున సుమారు 14,350 కిలోమీటర్లు. అతి దగ్గర దారికంటె నాలుగు వందల కిలోమీటర్లు కూడా ఎక్కువ కాదు.

2021 జనవరి

ధ్రువం మీదుగా ఎగరడం కొత్త ఆలోచన కాదు. 1937 జూన్‌లో సోవియట్ వైమానికుడు చ్కాలోవ్, ఇద్దరు సహచరులతో మాస్కో నుంచి ధ్రువం మీదుగా అమెరికాలోని వాంకూవర్ పట్టణానికి సుమారు 63 గంటల్లో చేరాడు. 1954లో కోపెన్‌హేగెన్, లాస్ ఏంజిలిస్ నగరాల మధ్య ఆర్కిటిక్ ప్రాంతం మీదుగా ప్రయాణికుల సర్వీసు మొదలైంది. మన దేశానికి సంబంధించినంతవరకు ఎయిర్ ఇండియా 2019 ఆగస్టు 15న ఢిల్లీ, శాన్ ఫ్రాన్సిస్కోల మధ్య తొలిసారి ధ్రువమార్గాన్ని ఉపయోగించింది.

బెంగళూరు వంతు 2021 జనవరిలో వచ్చింది. జనవరి 9న, శనివారం రాత్రి, ఎయిర్ ఇండియా బోయింగ్ 777 విమానం శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బయలుదేరింది. దాని కాక్‌పిట్‌లో నలుగురూ మహిళలే: కెప్టెన్ జోయా అగర్వాల్, కెప్టెన్ పాపగారి తన్మయి, కెప్టెన్ ఆకాంక్ష సోనావరే, కెప్టెన్ శివానీ మన్హాస్. ఉత్తర ధ్రువం మీదుగా ఎగిరి, ఎక్కడా దిగకుండా, ఆ విమానం 11వ తేదీ సోమవారం తెల్లవారుజామున బెంగళూరులో వాలింది. ప్రయాణించిన దూరం సుమారు 16,000 కిలోమీటర్లని పత్రికలు ప్రకటించాయి. ధ్రువమార్గం వల్ల దాదాపు పది టన్నుల ఇంధనం ఆదా అయిందని పైలట్లు తెలిపారు.

ఆ సర్వీసు సమయపట్టిక ఒక చక్కని లెక్క. శాన్ ఫ్రాన్సిస్కోలో శనివారం రాత్రి 8.30, బెంగళూరులో సోమవారం ఉదయం 3.45. గడియారాలను బట్టి చూస్తే 31 గంటల 15 నిమిషాలు. రెండు నగరాల కాలమానాల తేడా అయిన 13 గంటల 30 నిమిషాలు తీసివేస్తే అసలు ప్రయాణకాలం 17 గంటల 45 నిమిషాలు. అటువైపు ప్రయాణంలో ఇందుకు విరుద్ధం. బెంగళూరులో మధ్యాహ్నం 2.30కు ఎక్కినవారు శాన్ ఫ్రాన్సిస్కోలో అదే రోజు సాయంత్రం 5 గంటలకు దిగవలసి ఉంటుంది. గడియారంలో రెండున్నర గంటలే. దేహం అనుభవించేది పదహారు గంటలు.

గాలి, ఎత్తు, ఇంధనం

పోవడానికి పదహారు గంటలు, రావడానికి దాదాపు పద్దెనిమిది గంటలు పట్టడం ఎందువల్ల? నేల నుంచి తొమ్మిది మొదలు పన్నెండు కిలోమీటర్ల ఎత్తున జెట్ ప్రవాహాలనే బలమైన గాలులు పడమర నుంచి తూర్పునకు వీస్తుంటాయి. విమానం వేగం గంటకు 900 కిలోమీటర్లు అనుకుంటే 14,000 కిలోమీటర్లకు పదిహేనున్నర గంటలు చాలు. గాలి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో ఎదురైతే అదే దూరానికి పదిహేడున్నర గంటలు కావాలి. వెనుకనుంచి తోస్తే పద్నాలుగు గంటలు చాలు. అందుచేత అమెరికా వెళ్లే విమానం ఒక్కోసారి పొడవైన పసిఫిక్ మార్గాన్ని ఎంచుకొని గాలి సాయంతో త్వరగా చేరుతుంది. తిరిగివచ్చే విమానం ఆ ఎదురుగాలిని తప్పించుకోవడానికి ఉత్తరానికి జరుగుతుంది. ఆకాశంలో దగ్గర దారి వేరు, త్వరిత మార్గం వేరు.

బెంగళూరుకు మరొక ప్రత్యేక సమస్య ఉంది. ఈ నగరం సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. ఎత్తు పెరిగిన కొద్దీ గాలి పలచబడుతుంది. రెక్కలకు ఆధారం, ఇంజన్లకు బలం రెండూ తగ్గుతాయి. సుదూర ప్రయాణానికి ఇంధనం నిండుగా నింపుకొన్న బోయింగ్ 777 ఇక్కడినుంచి లేవాలంటే పొడవైన రన్‌వే అవసరం. దేవనహళ్లిలో 4,000 మీటర్ల రన్‌వేలు ఉండటం ఆ విధంగా ఎంతో మేలు చేసింది. బెంగళూరు వాసులకు చల్లదనాన్నిచ్చిన ఎత్తే విమానాలకు భారమైంది.

ఇక ధ్రువమార్గానికి దాని ఇబ్బందులు దానికున్నాయి. అక్కడి చలికి విమాన ఇంధనం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది కనుక దాని ఉష్ణోగ్రతను పైలట్లు నిరంతరం గమనిస్తూ ఉండాలి. అయస్కాంత దిక్సూచి ఆ ప్రాంతంలో నమ్మదగినది కాదు. సూర్యునిలో తుపానులు రేగితే రేడియో సంబంధాలు దెబ్బతింటాయి. అన్నిటికంటె ముఖ్యమైనది, ఆపదలో దిగడానికి విమానాశ్రయాలు తక్కువ. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో పోతున్న ఒక విమానం ఇంజన్ లోపం కారణంగా రష్యాలోని మగదాన్ పట్టణంలో దిగవలసి వచ్చింది. రెండు వందల మందికి పైగా ప్రయాణికులు మరొక విమానం వచ్చేదాకా ఆ మారుమూల ఊరిలో వేచి ఉన్నారు.

మూతపడిన ఆకాశం

గాలిని, చలిని జయించినా, దేశాల సరిహద్దులను జయించడం విమానాలకు సాధ్యం కాలేదు. ఆకాశానికి కంచెలు కనిపించవు. కాని అనుమతి లేనిదే ఏ దేశపు గగనతలంలోకీ మరో దేశపు విమానం ప్రవేశించరాదు. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో సోవియట్ గగనతలం పాశ్చాత్య విమానాలకు చాలావరకు మూసి ఉండేది. ఆ యుగం ముగిసిన తరువాతనే సైబీరియా మీదుగా ధ్రువమార్గాలు తెరుచుకున్నాయి. ఆ మార్పు లేకపోతే 2021 నాటి ప్రయాణం ఆ దారిన జరిగేదే కాదు.

తెరిచిన ద్వారం మళ్లీ మూతపడవచ్చునని 2022లో రుజువైంది. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా గగనతలం అమెరికన్, ఐరోపా విమాన సంస్థలకు నిషిద్ధమైంది. బెంగళూరుకు శాన్ ఫ్రాన్సిస్కో నుంచి యునైటెడ్ సంస్థ, సియాటిల్ నుంచి అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ నేరుగా విమానాలు నడుపుతామని 2020లోనే ప్రకటించి వాయిదాలు వేస్తూ వచ్చాయి. ఆ సర్వీసులు ప్రారంభం కానేలేదు. ఎయిర్ ఇండియా సర్వీసు కూడా మధ్యలో ఆగి 2022 డిసెంబరులో పునఃప్రారంభమైంది. 2019లో కొన్ని నెలలపాటు, మళ్లీ 2025 ఏప్రిల్ నుంచి, పాకిస్తాన్ గగనతలం భారతీయ విమానాలకు మూతపడినప్పుడు ఉత్తర భారతం నుంచి పడమరకు పోయే విమానాలు చుట్టు తిరిగి పోవలసి వచ్చింది. ఈ సంఘటనలలో వేటివల్లా భూమి ఒక్క అంగుళం పెరగలేదు. ప్రయాణకాలం మాత్రం గంటల లెక్కన పెరిగింది.

పదమూడున్నర గంటలు

2021 జనవరి నాటి ఆ విమానం వచ్చిన సందర్భాన్ని మరువరాదు. కరోనా వ్యాధి కారణంగా 2020 మార్చి 23 నుంచి దేశంలో అంతర్జాతీయ విమాన సర్వీసులు నిలిచిపోయాయి. మే నెల నుంచి "వందే భారత్" పేరిట ప్రత్యేక విమానాలు నడిచాయి. ఆ తరువాత కొన్ని దేశాలతో ఒప్పందాలు కుదిరాయి. మామూలు సర్వీసులు తిరిగి మొదలైనది 2022 మార్చి 27న. ఆ రెండేళ్లలో విదేశాల్లో ఉన్న పిల్లలు ఎందరో తల్లిదండ్రుల చివరిచూపునకు నోచుకోలేకపోయారు. ఫోను తెరమీద అంత్యక్రియలు చూసిన కుటుంబాలు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. విమానాలున్నాయి, రన్‌వేలున్నాయి, పైలట్లున్నారు. దారి మాత్రం లేదు. అటువంటి కాలంలో బెంగళూరు నుంచి నేరుగా అమెరికా పశ్చిమ తీరానికి దారి ఏర్పడటం వృద్ధులైన తల్లిదండ్రులకు ఎంత ఊరటనిచ్చి ఉంటుందో ఊహించవచ్చు. మధ్యలో ఎక్కడా విమానం మారనక్కరలేదు; తెలియని ఊరిలో, తెలియని భాషలో దారి అడగనక్కరలేదు.

డెబ్బై ఐదేళ్ల కిందట విదేశానికి వెళ్లిన పిల్లవాడి క్షేమసమాచారం నీలిరంగు ఏరోగ్రామ్ మీద వారాలకు అందేది. తరువాత ట్రంకు కాల్ బుక్ చేసి గంటల తరబడి వేచి ఉండే రోజులు వచ్చాయి. నేడు మాట క్షణంలో అందుతుంది. ముఖం కూడా కనిపిస్తుంది. అయినా రెండు నగరాల గడియారాల మధ్య తేడా అలాగే ఉంది. చలికాలంలో పదమూడున్నర గంటలు, అమెరికాలో గడియారం ముందుకు జరిపే వేసవిలో పన్నెండున్నర గంటలు. బెంగళూరులో ఉదయం ఎనిమిదింటికి అవ్వ కాఫీ తాగుతూ ఫోను చేస్తే, అక్కడ మనుమరాలికి చలికాలమైతే ముందురోజు సాయంత్రం ఆరున్నర. ఒకరికి రోజు మొదలు, మరొకరికి రోజు ముగింపు. ఏ ఇంజనూ ఈ తేడాను తగ్గించలేదు.

నగరం నడిబొడ్డు నుంచి దేవనహళ్లి చేరడానికి రద్దీ వేళల్లో రెండు గంటలు పట్టవచ్చు. ఆపైన ముందుగా హాజరు కావలసిన మూడు గంటలు, ఆకాశంలో పదహారు గంటలు, అవతలి నేలపై వలస అధికారుల వరుసలో మరికొంతసేపు. అన్నీ కలిపితే ఇంటి గడప నుంచి ఇంటి గడపకు ఒక పూర్తి దినం. సముద్రయానం రోజులతో పోలిస్తే ఇది అద్భుతమే. ఆసుపత్రిలో ఉన్న తండ్రి కోసం బయలుదేరిన కొడుకుకు మాత్రం ఆ ఒక్క దినమే ఎంతో దీర్ఘం.

దూరాన్ని తగ్గించే శక్తి ఎవరికీ లేదు. కాలాన్ని తగ్గించడం మాత్రం ఇంజనీరు, పైలట్, వాతావరణ శాస్త్రజ్ఞుడు, దేశాల మధ్య ఒప్పందాలు కుదిర్చే దౌత్యవేత్త కలిసి సాధించవలసిన పని. వీరిలో ఏ ఒక్కరి పని ఆగినా దారి మళ్లీ పొడవవుతుంది. ఈ విషయాలన్నిటికీ మొదటి పాఠం భూగోళ తరగతిలో ఉంది. అందుకు పెద్ద పరికరాలు అవసరం లేదు. ఒక గ్లోబు, ఒక దారం, డిగ్రీకి 111 కిలోమీటర్లనే లెక్క ఉంటే చాలు. దారం ఒక కొసను బెంగళూరు మీద, రెండవ కొసను తమ అన్నయ్యో, అత్తయ్యో నివసించే ఊరి మీద ఉంచి పిల్లలు స్వయంగా కొలిచి చూడాలి. ఆ దారం కదిరి, నంద్యాల, వరంగల్లుల మీదుగా ఉత్తరానికి సాగడం చూసినప్పుడు ప్రపంచం గుండ్రంగా ఉన్నదనే మాట వారికి పుస్తకంలోని వాక్యంగా కాక, తమ ఇంటికి సంబంధించిన సత్యంగా తెలుస్తుంది.